బతికున్నవాడి వంతు

తల్లిని మారుమనువుకు ఒప్పించాననే తృప్తితో నాగులమ్మ కావలి బస్సెక్కిన చోట మనం ఆగాం. ఆరేళ్ల కిందట కార్తీకమాసపు వాయుగుండంలో ఆమె తండ్రి గంగులయ్య మరో నలుగురితో కలిసి సముద్రం మీద చేపల వేటకు పోయాడు. అయిదుగురిలో ముత్యాలయ్య ఒక్కడే ఒడ్డుకు చేరాడు. "నలుగురూ మునిగిపోయినారు, నా కళ్లారా చూసినా" అని ఇసుకలో పడి ఏడ్చాడు. ఆనాటి నుంచి ఆ ఇంటికి చేపలో, గింజలో, కాస్త ధైర్యమో తెచ్చిపెట్టిన మనిషి అతనే. ఇప్పుడు నాగులమ్మ తల్లి చెంచమ్మను మనువాడతానన్నాడు. చెంచమ్మ చాన్నాళ్లు వద్దంది. చివరికి కూతురు పోరు పడలేక, తల వంచుకుని, "నీ ఇష్టం" అంది.

ఆ తల ఎందుకు వంగిందో నాగులమ్మ అడగలేదు. అడిగి ఉంటే ఈ వారం మన కథ ఇంకో దారిన పోయేది.

మనువు ఆదివారం పొద్దున. ఇవాళ శుక్రవారం.

"ఒరే, మీరు లాగతా ఉండేది వలరా, జెండా కాదు! నడుం వంచండి!"

రంగనాయకులు మాస్టారు బల్ల మీద నిలబడి వెదురుబెత్తంతో తాళం కొడుతున్నాడు. కావలిలో ఒకప్పటి వడ్ల గోడౌనే ఇప్పుడు నాగులమ్మ చదివే సంగీత నాటక శిక్షణాలయం. గట్టిగా ఊపిరి తీస్తే ఇప్పటికీ వడ్ల నుసి గొంతులో పడుతుంది. చైనా యుద్ధానికి రక్షణ నిధి పోగుచెయ్యడానికి నెల్లూరులో నాటకం ఆడాలి. రెండో అంకంలో పల్లెకారులంతా కలిసి వల లాగుతూ పాడే బృందగానం ఉంది. నాటకం మొత్తానికి అదే ప్రాణం అని మాస్టారు నమ్మకం. దానికోసం నిజం తాడే తెప్పించాడు. ఒక కొస ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి పట్టుకున్నారు. తెరచాటున నలుగురు లావుపాటి కుర్రాళ్లు రెండో కొస పట్టుకుని సముద్రంగా నిలబడ్డారు.

"మాస్టారూ, సముద్రం పొద్దున్నే సద్దన్నం దండిగా తిన్నట్టుంది. చేపలు రాకపోగా మమ్మల్నే లోపలికి లాగేస్తా ఉంది" అన్నాడు క్రీస్తురాజు. పాస్టరుగారి అబ్బాయి. నవ్వించే వేషాలన్నీ అతనివే.

హార్మోనియం ముందు కూర్చున్న హజరత్తయ్య నవ్వు ఆపుకోలేక ఒక మెట్టు తప్పు నొక్కాడు.

"నవ్వింది చాలు. నాగులమ్మా, నువ్వు చూపించమ్మా వీళ్లకి" అన్నాడు మాస్టారు.

నాగులమ్మ ముందుకొచ్చింది. ఈ శిక్షణాలయంలో చేరిన నాటి నుంచీ ఆమె మాట తీరుకు నవ్వినవాళ్లే గానీ, ఆమెను చూసి నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇవాళ వచ్చింది. "చేతులతో లాగితే గంటలో చేతులు పడిపోతాయి. మడమలు ఇసకలో దించాలి. ఒళ్లంతా ఎనక్కి వాల్చాలి. తాడు దానంతట అదే వస్తది" అని చేసి చూపించింది. అందరూ అలాగే వాలారు. సముద్రం ఒక్కసారిగా తెరచాటు నుంచి బయటికి జారి బోర్లాపడింది.

గోడౌనంతా నవ్వులు. ఆ పూట నాగులమ్మ నవ్వింది అంతే. మళ్లీ నవ్వలేదు.

"ఇప్పుడు పాట" అని మాస్టారు బల్ల దిగాడు. "ఇది నేను రాసింది కాదు. సముద్రపు ఒడ్డున నిజంగా పాడుకునే పాట. బాగా వినండి. ముందు అందరూ కలిసి..."

*ఏలేలో ఏలేలో గంగమ్మ తల్లీ*
*ఎత్తు వల ఎత్తు వల గంగమ్మ తల్లీ*

నాగులమ్మ ఒళ్లు పులకరించింది. అది వాళ్ల పాలెం పాట. చిన్నప్పటి నుంచీ పెద్దవల లాగేటప్పుడు విన్న పాట.

"ఇక్కడ చూడండి అసలు అందం" అని మాస్టారు వేలెత్తాడు. "తరువాత మూడుసార్లు తాడు లాగాలి. కానీ మాట ఉండదు. కాలు నేలకు కొట్టడమే. ధన్... ధన్... ధన్... ఆ నిశ్శబ్దంలో సముద్రం వినపడాల! ఎంత గొప్ప ఊహో చూడండి!"

ఊహ కాదని నాగులమ్మకు తెలుసు.

వాళ్ల పాలెంలో తాడు పట్టిన ప్రతి మనిషికీ ఆ పాటలో ఒక వంతు ఉంటుంది. తన వంతు మాట తనే కట్టుకుంటాడు. అతను తప్ప ఇంకెవరూ దాన్ని పాడరు. అన్న వంతు తమ్ముడు పాడడు, తండ్రి వంతు కొడుకు పాడడు. మనిషి పోతే ఆ వంతు మూగదైపోతుంది. పాట అక్కడికి వచ్చినప్పుడు అందరూ నోరు మూసుకుని, కాలు నేలకు కొట్టి, ఒక్క లాగు లాగి ముందుకు పోతారు. పొరపాటున ఎవరైనా చచ్చినవాడి వంతు పాడితే, వాడిని తాడు మీద నుంచి తోసేస్తారు.

తండ్రి జట్టులో ముందు పోలయ్య తాత, తరువాత ఆయన కొడుకు, మూడో మనిషి కామాక్షయ్య, నాలుగు గంగులయ్య, అయిదు ముత్యాలయ్య. ఆ వాయుగుండం తరువాత పాలెంలో వరసగా నాలుగు మూగ వంతులు. ఆ నాలుగు కాలి దెబ్బలూ విన్నప్పుడల్లా చెంచమ్మ గుడిసెలోకి పోయి తలుపు వేసుకునేది.

ధన్. పోలయ్య తాత. ధన్. ఆయన కొడుకు. ధన్. కామాక్షయ్య.

నాగులమ్మ నాలుగో దెబ్బకు కాలు ఎత్తింది.

"ఇప్పుడు నవ్వు రావాల! క్రీస్తురాజూ, ఇది నీకు" అని మాస్టారు గొంతెత్తాడు.

*పండుగప్ప తలకాయ మా పాపకే*
*పాలెం పిల్లికి పొమ్మని చెప్పరా!*

అందరూ గొల్లున నవ్వారు. నాగులమ్మ ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది.

ఆ పాప తనే. రాత్రి చేపల కూరలో తలకాయ ఎప్పుడూ తన కంచంలోనే పడేది. చూరు కింద పిల్లి అరిచేది. పొమ్మని నాన్న కసిరేవాడు. మర్నాడు తాడు మీద అదే పాటయ్యేది. ఆరేళ్లుగా ఈ భూమ్మీద ఏ నోటా రాని మాట అది.

"మే, లాగు! నిద్రపోతా ఉండావా?" అని వెనకాల నుంచి ఎలిశబెతు మోచేత్తో పొడిచింది.

మాస్టారు ఆ తరువాతి వంతు అందుకున్నాడు.

*ఎనకాల నేనుండా లాగరా అన్నా*
*ఎదురొచ్చే అలకేంది భయపడతావన్నా*

అది ముత్యాలయ్య చిన్నాయన వంతు. నాన్న వెనక నిలబడి పాడేది.

నాగులమ్మ చేతుల్లోంచి తాడు జారింది. ముందున్నవాళ్లు వెనక్కి పడ్డారు. వెనకున్నవాళ్లు వాళ్ల మీద పడ్డారు. మాస్టారి బెత్తం బల్ల మీద ఫెళ్లున మోగింది.

"ఏందమ్మా ఇది? మడమలు దించమని చెప్పింది నువ్వే గదా!"

"మాస్టారూ, ఈ పాట మీకు ఎవరు నేర్పినారు?"

"ముందు తాడు పట్టుకో. ఆనక చెప్తా."

"ఇప్పుడే చెప్పండి."

రంగనాయకులు మాస్టారితో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడరు. పోయినేడు ఒకడు మాట్లాడితే వాడి వేషం సాయంత్రానికల్లా ఇంకొకడికి పోయింది. మాస్టారు కళ్లజోడు తీసి, నాగులమ్మ ముఖం చూశాడు. ఏం కనిపించిందో గానీ, కోపం దిగిపోయింది.

"అందరూ పోయి నీళ్లు తాగి రండి" అన్నాడు.

క్రీస్తురాజు ఒక్కడే పోలేదు. హజరత్తయ్య హార్మోనియం మూసి అక్కడే కూర్చున్నాడు.

మాస్టారు గొంతు తగ్గించి చెప్పాడు. "ఎండాకాలంలో తడ పోయినానమ్మా, మా బావమరిది ఇంటికి. పులికాటు ఒడ్డున ఒకాయన వలలకు ముళ్లు వేసుకుంటా ఈ పాట పాడతా ఉండినాడు. ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. బీడీ ఇచ్చి పక్కన కూర్చున్నా. పేరడిగితే, సముద్రంలో పడేసినానయ్యా అన్నాడు. తమాషా మనిషి అనుకున్నా."

"ఆ మూడు చోట్లా ఎందుకు పాడలేదని అడగలేదా మాస్టారూ?"

"అడిగినా. ఆ వంతులు వాళ్లవి, వాళ్లు లేరు, నాది నేను పాడుకుంటా, నా ఎనకోడి వంతు నీకు ఊరికే మాటగా చెప్తా అన్నాడు. పాటగాళ్ల మాటలు అట్టనే ఉంటాయి గదా అని..."

నాగులమ్మ అక్కడే, తాడు చుట్ట మీద కూలబడింది.

"ఏందమ్మాయ్, ఏమైంది?" అని హజరత్తయ్య లేచాడు.

క్రీస్తురాజు ముందుకు వంగాడు. "నాగులూ, మాకు తెలిసేట్టు చెప్పు. పాటలో ఏముంది?"

ఆమె చెప్పింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. "వాయుగుండానికి ముందయితే అయిదుగురి వంతులూ పాడేవాళ్లు. ఆ తరవాత ఒక్క చిన్నాయన వంతే. మిగతా నాలుగూ మూగవే. ఈ పాటలో మూడే మూగవి ఉండాయి. ఆ ముగ్గురూ చచ్చిపోయినారని తెలిసి, మా నాయన బతికే ఉన్నాడని తెలిసిన మనిషే ఇట్టా పాడతాడు. మా నాయన వంతు మా నాయన తప్ప ఎవరూ పాడరు రాజూ."

క్రీస్తురాజు తాడు వైపు చూశాడు. ఆ నవ్వించే లైను ఇందాకటిదాకా తనది.

"అయితే మీ నాయన..." అని మాస్టారు ఆగిపోయాడు. చేతిలో బెత్తం ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఆదివారం మాయమ్మకు మనువు" అంది నాగులమ్మ. "నేనే ఒప్పించినా."

సరిగ్గా అప్పుడే గోడౌను తలుపు దగ్గర దగ్గు వినిపించింది.

"అమ్మణ్ణీ, పనైపోయిందా?"

ముత్యాలయ్య. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, చంకలో కొత్త చీర పొట్లం. ఎండకు మాడిన ముఖంలో పెళ్లికొడుకు సిగ్గు. "కోకలు కొందామని వచ్చినాం. మీయమ్మ కూడా వచ్చింది, సందు మొగలో జట్కాలో కూర్చోనుంది. లోపలికి రమ్మంటే రాదు, చదువుకునే పిల్లల ముందుకు నేనేంది అంటది. నిన్ను కూడా తీసకపోదామని..."

నాగులమ్మ ఆ ముఖాన్ని చూసింది. జ్వరమొస్తే తనను భుజాన వేసుకుని మైళ్లు నడిచిన మనిషి. ఈ చదువుకు పంపమని పాలెం పెద్దలతో కొట్లాడిన మనిషి. నా కళ్లారా చూసినా అన్న మనిషి కూడా ఈయనే. అలల్లో పొరపాటు పడి ఉండొచ్చు గదా? చీకట్లో ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో! నేరుగా అడిగితే ఆయన ఏదో ఒకటి చెబుతాడు. ఆ మాట నిజమో కాదో తనకెట్లా తెలుస్తుంది?

ఆమె లేచి నిలబడింది. గొంతు ఎలా స్థిరంగా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఒక్క పాట ఉంది చిన్నాయనా. చూసి పోదాం. కూర్చో."

మాస్టారి దగ్గరికి పోయి లోగొంతుకతో అంది. "ఇంకొకసారి పాడిద్దాం మాస్టారూ. నాలుగో వంతు నేను పాడతా. నా వేషం తీసేస్తే తీసేయండి, ఇది మాత్రం కాదనొద్దు."

"వేషం మాట ఎవరెత్తినారమ్మా" అన్నాడు మాస్టారు. "హజరత్తయ్యా, శ్రుతి పట్టు."

తాడు దగ్గర క్రీస్తురాజు తన చోటు ఆమెకు వదిలి వెనక నిలబడ్డాడు. "దీనివల్ల ఏం తెలుస్తది నాగులూ?"

"చచ్చినోడి వంతు పాడితే మా వాళ్లు ఊరుకోరు. చిన్నాయన కోపంతో లేచి నన్ను కొట్టడానికొస్తే, ఆయనకేమీ తెలియదు. నాయన పోయినాడనే నమ్మినాడు."

"కొట్టకపోతే?"

నాగులమ్మ తాడు అందుకుంది. కొట్టాలని, పదిమంది ముందు చెంప పగలగొట్టాలని ఆమె మొక్కుకుంటోంది.

పిల్లలు తిరిగొచ్చి తాడు పట్టారు. హార్మోనియం ఎత్తుకుంది. ఏలేలో ఏలేలో గంగమ్మ తల్లీ... గొంతులన్నీ ఒక్కటై గోడౌను రేకులకు తగిలాయి. బెంచీ మీద కూర్చున్న ముత్యాలయ్య ముఖం విప్పారింది. "ఓయబ్బ, మన పాటే!" అని పక్కనెవరూ లేకపోయినా పైకి అన్నాడు. అతని చేతులు వాటంతట అవే కదిలాయి. లేని తాడును లాగుతున్నాయి.

ధన్. అతని కాలు కూడా నేలకు తగిలింది. ధన్. కళ్లు మూసుకున్నాడు. ధన్.

నాలుగో దెబ్బకు అతని కాలు లేచింది.

నాగులమ్మ మడమలు దించి, తల వెనక్కి వాల్చి, గుండెలో ఉన్న గాలంతా పెట్టి పాడింది.

*పండుగప్ప తలకాయ మా పాపకే*
*పాలెం పిల్లికి పొమ్మని చెప్పరా!*

ముత్యాలయ్య కళ్లు తెరిచాడు.

కోపం రాలేదు. నాగులమ్మ వెతికింది, ఆ ముఖంలో ఎక్కడైనా ఒక రవ్వ కోపం దొరుకుతుందేమోనని. లేదు. రంగు మాత్రం పోయింది. అతను పాడుతున్న పిల్ల వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు. తెరచాటుకు చూశాడు. పెట్టెల సందుల్లోకి చూశాడు. చీర పొట్లం చంకలోంచి జారి పడింది.

"ఎక్కడుండాడు?" అన్నాడు. "ఎక్కడుండాడు వాడు? ఎప్పుడొచ్చినాడు?"

హార్మోనియం ఆగిపోయింది.

నాగులమ్మ తాడు వదల్లేదు. "ఎవరు చిన్నాయనా?"

ముత్యాలయ్యకు తనేమన్నాడో అప్పటికి తెలిసొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవరూ లేదు... చచ్చినోడి వంతు పాడితే నాకు మతి పోయింది. అట్టా పాడకూడదు అమ్మణ్ణీ, తప్పు..."

"తప్పని ఇప్పుడా చెప్పేది? చచ్చినోడి వంతు పాడితే ఎవురు నేర్పినార్రా నీకు అని అడుగుతారు. ఎక్కడుండాడు అని అడగరు. చచ్చినోడు ఎక్కడుంటాడు చిన్నాయనా?"

"అమ్మణ్ణీ, పదిమందిలో వద్దు. బయటికి రా."

"పదిమందిలోనే గదా చెప్పినావు, కళ్లారా చూసినానని. పాలెమంతా వింటా ఉంటే చెప్పినావు. మాయమ్మ బొట్టు చెరిపింది నీ మాట మీదనే. నా నాయన బతికుండాడని నీకు తెలుసా, తెలీదా? ఆ ఒక్కటి చెప్పు. తెలిసే మాయమ్మను మనువాడతా ఉండావా?"

ముత్యాలయ్య తల అడ్డంగా ఊపాడు. నిలువుగా ఊపాడు. పెద్ద మనిషి, సముద్రానికి బెదరని మనిషి, పసిపిల్లాడిలా పెదవి కొరుక్కున్నాడు.

"ఆరేళ్లుగా అన్నం సహించలేదు నాకు" అన్నాడు. "నువ్వు నన్ను అట్టా చూడొద్దు. నేను సొంతంగా ఆడిన అబద్ధం కాదది."

"మరి?"

"మునిగిపోయినాడని చెప్పమని నా కాళ్లు పట్టుకున్నది మీయమ్మ."

ఎలిశబెతు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాగులమ్మకు ఆ మాట చెవిలో పడింది గానీ అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వంగిన ఆ తల, నీ ఇష్టం అన్న ఆ గొంతు, పాట వినపడగానే మూసుకునే ఆ గుడిసె తలుపు. అన్నీ ఒక్కసారిగా వేరే మనిషివైపోయాయి.

"అబద్ధం" అంది. "నోరు కాలిపోతుంది చిన్నాయనా. అబద్ధం."

"సందు మొగలోనే ఉంది గదా. పోయి అడుగు."

ఆమె తాడు వదిలేసి పరుగెత్తింది. వెనకే క్రీస్తురాజు, ఆ వెనక బెత్తం కూడా తీసుకోకుండా మాస్టారు. ఎండ కళ్లలో గుచ్చుకుంది. సందు మొగలో జట్కా నిలబడే ఉంది. గుర్రం గడ్డి నములుతోంది. సీటు మీద పసుపు కుంకుమ పొట్లం, గాజుల డబ్బా ఎవరూ తాకకుండా పక్కపక్కన ఉన్నాయి.

చెంచమ్మ లేదు.

"ఈడ కూర్చున్న మనిషి ఏది?" అని నాగులమ్మ జట్కావాడి భుజం పట్టుకుని కుదిపింది.

"మీయమ్మా? ఏమోమ్మా, బాగానే కూర్చోనుండె. లోపల మీ పాట వినపడతా ఉండె. చేప తలకాయ, పిల్లి అని ఏందో వచ్చింది చూడు, అప్పుడు దిగ్గున లేచింది. మనిషి వణికిపోయింది. దిగి నన్నొక మాట అడిగి, స్టేషను దోవ పట్టుకుని ఒకటే పరుగు."

"ఏమడిగింది?"

"తడకు పోయే రైలు ఎన్ని గంటలకని."

తడ. ఆ ఊరి పేరు మాస్టారు లోపల, గొంతు తగ్గించి చెప్పాడు. తను కాక ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇక్కడే తన పక్కన నిలబడ్డారు, మూడోవాడు హార్మోనియం దగ్గర ఉన్నాడు. ముత్యాలయ్య అప్పటికి లోపలికైనా రాలేదు.

స్టేషను వైపు నుంచి, తడ మీదుగా మద్రాసు పోయే బండి కూత పెట్టింది.